ఒక ఇంగ్లీషు నాటకమూ, మన ‘జతగాడు’ మాటా

ఇప్పటిదాకా ఇక్కడ మడకలూ కపిలలూ రాగి సంగటీ, వీటి మాటలే ఎక్కువ రాసుకుంటూ వచ్చినాము. ఈసారి నాటకం గురించి రాస్తాను. అదీ ఇంగ్లీషు నాటకం. దానికీ మన హూడి పక్క తెలుగుకీ ఏం సంబంధం అంటారేమో. ఆ నాటకంలో వాచ్‌మన్ తెలుగు మాట్లాడతాడు, నన్ను పిలిచింది అందుకే. మా అపార్ట్‌మెంట్లో ఒక పిల్లోడు ఉండాడు. వారమంతా సాఫ్ట్‌వేర్ పని, శని ఆదివారాలు నాటకాలు. “అంకుల్, మీరు ఈ పక్క తెలుగు గురించి రాస్తారంట కదా, మా వాచ్‌మన్ మాటలు సరిగ్గా ఉండాయో లేదో వచ్చి వినండి” అన్నాడు. నాటకం దేని గురించి అని అడిగితే కొంచెం తడబడి “లవ్ గురించి అంకుల్” అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

నాటకాలంటే నాకు ఇష్టమే గాని, రంగశంకర ఉండేది జేపీ నగర్‌లో. 2004లో అది తెరిచినప్పటి నుంచి నేను పోయింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. హూడి నుంచి పోయి రావడానికి ఒక పూట చాలదు. 2011లో వైట్‌ఫీల్డ్ అవతల రామగొండనహళ్ళిలో జాగృతి థియేటర్ వచ్చినాక మా తూర్పు వైపు వాళ్ళకు కొంచెం సులువైంది. అందులో 200 మంది పడతారు. నేనిప్పుడు చెప్పేది దానికన్నా బాగా చిన్నది. ఒక బిల్డింగులో మూడో అంతస్తు, మామూలు రోజుల్లో పిల్లలకు డాన్స్ క్లాసులు, గోడంతా అద్దాలు. ఆ అద్దాలకు నల్లగుడ్డ కట్టి, అరవై ప్లాస్టిక్ కుర్చీలు వేసినారు. నేను కూర్చున్న చోటికీ వేషగాళ్ళకూ మధ్య నాలుగు అడుగులు. వాళ్ళ చెమట కూడా కనిపిస్తుంది.

నాటకం మహేశ్ దత్తాని రాసిన ‘ఆన్ ఎ మగ్గీ నైట్ ఇన్ ముంబై’. పేరులో ముంబై ఉన్నా రాసినాయన మన ఊరివాడే. గుజరాతీ కుటుంబం, 1958లో బెంగళూరులోనే పుట్టినాడు. 1998లో ఆయనకు సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, ఇంగ్లీషులో నాటకాలు రాసి ఆ అవార్డు తీసుకున్న మొదటాయన. ఈ నాటకం అదే సంవత్సరం ముంబైలో లిలెట్ దుబే డైరెక్షన్‌లో మొదటిసారి ఆడింది. తర్వాత 2002లో ఆయనే దీన్ని ‘మ్యాంగో సూఫ్లే’ అని సినిమాగా తీసినప్పుడు కథను ముంబై ఫ్లాట్ నుంచి బెంగళూరు శివార్లలో తోట ఇంటికి తెచ్చినాడు. ఆ లెక్కన కథ సగం మన పక్కదే. మామిడి తోపుల్లో ఇండ్లు మా వైపు కూడా ఉండేవి, ఇప్పుడు ఆ తోపుల పేర్లు లేఅవుట్ బోర్డుల మీద మిగిలినాయి.

కథ చెప్పకపోతే మిగతాది అర్థం కాదు, తొందరగా చెప్తా. కమలేశ్ అని బట్టలు డిజైన్ చేసే కుర్రాడు. అతనికి ప్రకాశ్ అనే అతనితో ప్రేమ ఉండింది, అది తెగిపోయింది. తర్వాత శరద్ అనే అతనితో కొన్నాళ్ళు ఒకే ఇంట్లో ఉండినాడు, కాని మొదటివాణ్ని మరవలేకపోయినాడు. ఒక ఉక్కపోత రాత్రి స్నేహితులందర్నీ ఇంటికి పిలిచి విషయం బయట పెడతాడు. తన అక్క కిరణ్, ఒకసారి విడాకులైన మనిషి, ఇప్పుడు ఎడ్ అనే అతన్ని పెళ్ళి చేసుకోబోతా ఉంది. ఆ ఎడ్ ఎవరో కాదు, ప్రకాశే. పేరు మార్చుకొని, మనసు కూడా మార్చుకున్నానని చెప్పుకొని, అక్కను చేసుకుంటున్నాడు. అక్కకు ఏమీ తెలీదు. కింద కాంపౌండులో ఎవరిదో పెళ్ళి, మేళాలు. పైన వీళ్ళ పాట్లు. కమలేశూ ప్రకాశూ కలిసి ఉన్న ఒక ఫోటో ఆ రాత్రి చేతులు మారి కింది పెళ్ళివాళ్ళ దాకా పోతుంది.

1998 అంటే 377 సెక్షన్ ఇంకా గట్టిగా ఉన్న రోజులు. అది సుప్రీంకోర్టులో పోయింది 2018 సెప్టెంబరు 6న. ఇరవై ఏండ్ల ముందే ఇట్లాంటి కథను స్టేజీ మీద పెట్టిన ధైర్యం దత్తానిది. ఆ మాట అనుకుంటూనే కూర్చున్నాను గాని, ఈ పిల్లలు ఆడిన తీరు చూసినాక ధైర్యం సంగతి మరిచిపోయి మనుషుల్ని చూసినాను.

మెచ్చుకోవాల్సినవి ముందు చెప్తా. ఉక్కపోత కోసం వాళ్ళు పెద్ద పనేమీ చేయలేదు, నాటకం మొదలవగానే ఫ్యాన్లు ఆపేసినారు. పది నిమిషాలకు అందరమూ చేతిలో ఉన్న కాగితంతో విసురుకోవడం మొదలుపెట్టినాము, స్టేజీ మీద వాళ్ళూ అదే పని. ఆ ఫోటో మనకు ఒక్కసారి కూడా చూపించలేదు, వెనకవైపు తెల్లగా కనిపిస్తుంది అంతే. అది చూసేవాళ్ళ మొహాల్లోనే మనం ఫోటో చూసుకోవాల. కిరణ్ వేసిన అమ్మాయి నన్ను కట్టిపడేసింది. ఆమెకు నిజం తెలిసినప్పుడు కేకలు వేయలేదు, చేతి ఉంగరాన్ని చూసుకుంటా చాలాసేపు ఊరకే ఉండింది. నా లెక్కలో ఈ నాటకంలో అందరికన్నా ఎక్కువ మోసపోయింది ఆమె. తమ్ముడి ప్రేమను ఒప్పుకొని, అతని పక్క నిలబడిన అక్క ఆమె. ఆమెకు అడ్డం పెట్టినారు గోడ.

నచ్చనివి కూడా ఉండాయి. బన్నీ అని ఒక పాత్ర, టీవీ సీరియల్లో ఆదర్శ కుటుంబానికి పెద్ద, ఇంట్లో పెండ్లాం, బయట ఈ స్నేహితులు. పెళ్ళి చేసుకో, పైకి ఒకటి లోపల ఒకటి పెట్టుకో, హాయిగా బతుకు అనేది అతని సలహా. ఆ పాత్రను వీళ్ళు కామెడీ చేసేసినారు, పంజాబీ యాస పెట్టి గంతులు వేయించినారు. జనం బాగా నవ్వినారు. ఆఖర్లో అతను తన బతుకు అంతా వేషమేనని ఒప్పుకునే చోట కూడా ఆ నవ్వు ఆగలేదు. నవ్వించిన తప్పు జనానిది కాదు. ఇంక ప్రకాశ్ కిటికీలోంచి దూకబోయే సన్నివేశం ఉంది చూడండి, అది రాతలోనే ఎక్కువైంది. ఒకే రాత్రిలో అన్ని గుట్లూ బయటపడాల, దాని మీద ఒకడు దూకబోవాల. మా సురభి నాటకాల్లో కూడా ఇంత తొందర ఉండదు.

ఇప్పుడు వాచ్‌మన్ దగ్గరికి వస్తా. నాటకం మొదట్లోనే అతను ఉంటాడు. కమలేశ్ అతన్ని ఆ రాత్రికి పైకి పిలిపించుకుంటాడు, డబ్బులిచ్చి పంపేస్తాడు. అందరూ ఇంగ్లీషులో తమ ప్రేమ గురించి గంటన్నర మాట్లాడతారు, ఈ మనిషికి మాత్రం ప్రేమ అనేది ఒకటి ఉంటుందా అనే ప్రశ్నను నాటకం ఎక్కువసేపు మొయ్యదు. ఈ పిల్లలు అతని నోట తెలుగు పెట్టినారు. ఆ పాత్ర నోరు తెరిచినప్పుడల్లా జనం నవ్వినారు. మాటలో నవ్వాల్సింది ఏమీ లేదు, అది తెలుగు కావడమే చాలింది. అరవై మందిలో సగం పైన తెలుగువాళ్ళే ఉంటారు, వాళ్ళే ముందు నవ్వినారు. నాకు కొంచెం కష్టమైంది. ప్రేమకు ఇంగ్లీషు, గేటు తీయడానికి తెలుగు. ఇది దత్తాని తప్పా, డైరెక్టరు తప్పా, కూర్చున్న మా తప్పా అని ఆలోచిస్తా ఉండినాను. (ఇప్పుడు నిజంగా మా గేట్ల దగ్గర ఉండేది అస్సాం, ఒడిశా పిల్లలు. ముళబాగిలు, మదనపల్లి నుంచి వాచ్‌మన్‌లు వచ్చే కాలం పోయింది. అది వేరే సంగతి.)

నాటకం అయినాక ఫ్యాన్లు వేసి, టీ ఇచ్చి, మాట్లాడుకుందాం రమ్మన్నారు. ఒకామె లేచి, మీలో నలుగురు తెలుగువాళ్ళే కదా, దీన్ని తెలుగులో ఎందుకు ఆడకూడదు అని అడిగింది. శరద్ వేషం కట్టిన కుర్రాడు జవాబు చెప్పినాడు. చిత్తూరు జిల్లా వాడు. అతను చెప్పింది నేను ఇంటికి పోయి రాసి పెట్టుకున్నా. “మా అమ్మకు నా సంగతి ఇంగ్లీషులో చెప్పినా. మా అమ్మకు ఇంగ్లీషు రాదు. అదేందో తెలుగులో చెప్పు నాయనా అనింది. తెలుగులో నాకు తెలిసినవన్నీ తిట్లే. అందుకే మళ్ళీ ఇంగ్లీషులోనే చెప్పినా.”

హాలులో ఎవరూ నవ్వలేదు.

నేను బీకాం చదివి ముప్పై నాలుగేండ్లు లెడ్జర్ల ముందు కూర్చున్నవాణ్ని, సాహిత్య విమర్శ నా పని కాదు. కాని మాటలు ఏరుకోవడం నాకు ఇష్టం కాబట్టి ఆ రాత్రి కూర్చొని, మన దగ్గర ఏమేం ఉండాయో రాసుకున్నా. కొజ్జా, ఆడంగి, ఇట్లాంటివి ముందు వచ్చినాయి. తమిళంలో, కన్నడంలో తొమ్మిది అంకెనే తిట్టు చేసినారు. జీవితమంతా అంకెలతో బతికినవాణ్ని, ఆ అంకె ఏం పాపం చేసిందో నాకు అర్థం కాలేదు. పేపర్లు చూస్తే స్వలింగ సంపర్కం. కోర్టు తీర్పు వచ్చిన రోజు అన్ని పేపర్లలోనూ ఇదే మాట. సంపర్కం అంటే కాంటాక్ట్. మా బ్యాంకు బోర్డు మీద కన్నడంలో ‘సంపర్కిసి’ అని రాసి కింద ఫోన్ నంబరు ఉండేది. ఒక మనిషి ఇంకో మనిషి కోసం రాత్రంతా మేలుకొని ఏడ్చేదానికి ఈ మాట ఎట్లా సరిపోతుంది? తిట్టులో మనిషికి మర్యాద లేదు. చట్టం మాటలో మర్యాద ఉంది గాని ప్రేమ లేదు.

మన నాటకాల్లో మొగోళ్ళు ఆడవేషం కట్టడం కొత్త కాదు కదా అని ఎవరైనా అంటారు. నిజమే. స్థానం నరసింహారావు సత్యభామగా వస్తే ఆడవాళ్ళు ఆయన నడక చూసి నేర్చుకున్నారంటారు, 1956లో పద్మశ్రీ ఇచ్చినారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ భామ. మన బెంగళూరు కరగలో చైత్ర పున్నమి రాత్రి మల్లెపూలతో, గాజులతో ద్రౌపదిగా నడిచేది మొగాయనే. వీళ్ళందరికీ దండం పెట్టినాము. అయితే అది వేషం, తెల్లారితే తీసేస్తారు అనే ధీమాతోనే పెట్టినాము. తియ్యలేని మనిషి వస్తే ఏం చేసినామో రేవతి గారి పుస్తకంలో ఉంది. తమిళంలో ఆమె రాసుకున్న బతుకును పి. సత్యవతి గారు ‘ఒక హిజ్రా ఆత్మకథ’ అని తెలుగు చేసినారు, ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అదే బతుకు కన్నడంలో ‘బదుకు బయలు’ అనే నాటకంగా కూడా ఆడింది. ఆ పుస్తకం చదివినాక ఒకటి తెలిసింది, మనిషి తన కథను తన ఇంటి భాషలో చెప్తే తిట్టు మాట కూడా చేతికి లొంగుతుంది. దత్తాని మనుషులకు ఆ ఇబ్బందే లేదు, వాళ్ళకు ఇంగ్లీషు ఉంది.

సరే, నన్ను పిలిచింది వాచ్‌మన్ మాటలు దిద్దడానికి. ఆ వేషం వేసిన పిల్లోడిది గుంటూరు. “సారు లోపల ఉన్నారండి” అంటాడు, మా పక్క అది “సార్ లోపల ఉండారు”. “ఎక్కడికి వెళ్ళాలి” కాదు, “యాడికి పోవాల”. మూడోది “మీతో వచ్చినాయన ఇంకా కిందే ఉన్నాడు”. దాన్ని “మీ జతలో వచ్చినాయన ఇంకా కిందనే ఉండాడు” అని దిద్దినా. దిద్ది, పెన్ను పెట్టేసి, కొంచెంసేపు ఆ మాటనే చూస్తా కూర్చున్నా.

మనకు తెలిసిందే. మన పక్క ‘తో’, ‘తోపాటు’ తక్కువ, ‘జతలో’, ‘జతకి’ ఎక్కువ. నా జతకి రా, వాళ్ళ జతలో పొయినాడు. కన్నడ జొతె పక్కనే ఉంది కాబట్టి ఇంకా బలంగా నిలిచింది. కాడికి కట్టే రెండు ఎద్దుల్లో ఒకటి పోతే “దీనికి జత దొరకల్ల” అనేవాళ్ళు. దాని నుంచే జతగాడు. కన్నడంలో జొతెగార. స్నేహితుడు అనేది బడి మాట, ఫ్రెండు అనేది కాలేజీ మాట, జతగాడు ఇంటి మాట. మా నాయనకు ఇద్దరే జతగాళ్ళు ఉండినారు, మిగతావాళ్ళంతా తెలిసినోళ్ళు.

ఈ మాట నాకు ఇంకో చోట కూడా ఎదురైంది. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. 1990 ప్రాంతం, కోలారు జిల్లాలో ఒక చిన్న బ్రాంచిలో ఉండినాను. డిపాజిట్లకు నామినేషన్ రూల్సు 1985లో వచ్చినాయి, అప్పటికీ పల్లెల్లో చాలామందికి తెలీదు, మేమే అడిగి ఫారం రాయించేవాళ్ళం. ఒక టైలరు వచ్చినాడు, యాభై దాటినాయన, పెళ్ళి కాలేదు. ఇరవై రెండువేల ఫిక్సెడ్ డిపాజిట్. ఫారం పేరు డీఏ 1. నామినీ పేరు అడిగితే ఒకాయన పేరు చెప్పినాడు. వాళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఎన్నో ఏండ్లుగా ఉండేది ఊరందరికీ తెలుసు. ఏమవుతాడు అని అడిగినా. “జతగాడు సార్” అన్నాడు. నేను నవ్వినాను. జతగాడు అనేది రిలేషన్‌షిప్ కాదప్పా, రేపు గలాటా అవుతుంది, రక్తసంబంధం ఎవరూ లేరా అని అడిగినా. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న కొడుకు పేరు చెప్పినాడు. చక్కగా రాసి, సంతకం తీసుకొని, రసీదు ఇచ్చి పంపించినా. ఆ రోజు మంచి సలహా ఇచ్చినానని అనుకున్నా కూడా.

రూలు ప్రకారం ఎవర్నైనా నామినీగా పెట్టుకోవచ్చు. ఆ ఫారంలో సంబంధం కాలం దగ్గర ‘ఇఫ్ ఎనీ’ అని ఉంటుంది, అంటే ఉంటేనే రాయమని. ఖాళీ వదిలినా చెల్లుతుంది. అది నాకు ఆ రోజూ తెలుసు. నేను ట్రాన్స్‌ఫర్ అయినాక కొన్నేండ్లకు ఆ టైలరు పోయినాడని, డబ్బు అన్న కొడుక్కి పోయిందని, ఆ రెండో ఆయన ఇల్లు ఖాళీ చేసి ఎటో పోయినాడని విన్నా. వాళ్ళ మధ్య ఏముండిందో నాకు తెలీదు, తెలుసుకునే పని కూడా నాది కాదు. ఆయన ఒక మాట చెప్పినాడు, నేను దాన్ని ఫారంలో పట్టదని కొట్టేసినా. రూలులో తప్పు లేదు.

2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ ఒక వివరణ ఇచ్చింది. ఇట్లా కలిసి బతికేవాళ్ళు జాయింట్ అకౌంటు తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ ఏ అడ్డూ లేదని. పేపర్లో చదివి, ఈ అడ్డు ముందు కూడా లేదు కదా, ఉండింది మా కుర్చీల్లో కదా అనుకున్నా.

తరువాతి ఆదివారం మాటలు దిద్దిన కాగితం ఇవ్వడానికి రిహార్సలుకు పొయినా. శరద్ వేసిన కుర్రాడికి మెల్లగా చెప్పినా, నాయనా, తెలుగులో అన్నీ తిట్లే కాదు, మన పక్క జతగాడు అని ఒక మాట ఉంది, మీ చిత్తూరు పక్క కూడా ఉంటుంది, మీ అమ్మకు కూడా తెలుస్తుంది అని. సంతోషపడతాడు అనుకున్నా. అతను ఆలోచించి అన్నాడు, “తెలుసు అంకుల్, మా తాత వాడేవాడు. అయితే జతగాడు అంటే మామూలు స్నేహితుడు కూడా అవుతాడు కదా. ఎడ్ కూడా అక్కకు అట్లనే చెప్పుంటాడు, నీ తమ్ముడూ నేనూ ఫ్రెండ్స్ అని. మళ్ళీ దాక్కున్నట్టే కదా?”

నాకు జవాబు తట్టలేదు. నాటకం మొత్తం దీని మీదే నడుస్తుందని అప్పుడు గాని నాకు ఎక్కలేదు. బన్నీ దాక్కున్నది భర్త అనే మాట వెనకాల, ప్రకాశ్ దాక్కున్నది కాబోయే బావ అనే మాట వెనకాల. మా టైలరు ఊళ్ళో నిమ్మళంగా బతికింది కూడా ఆ మాట అన్నిటికీ సరిపోయేది కాబట్టే ఏమో. పాత పల్లెటూళ్ళు ఇట్లాంటివాళ్ళను ప్రేమగా చూసుకున్నాయని నేను రాయను, నాకు తెలిసిన పల్లెటూళ్ళు అట్లా చూసుకోలేదు. అడగకుండా వదిలేసినాయి, అంతే. ఆ వదిలేసిన చోటులో ఈ మాట ఉండింది. దాన్ని ఈ కుర్రాడి చేతికి ఇస్తే అతను ఎట్లా వాడతాడో నాకు తెలీదు. వాచ్‌మన్ మాటల కాగితం వెనకవైపు రాసుకొని జేబులో పెట్టుకున్నాడు.

రెండో ఆట కూడా చూసినా. గుంటూరు పిల్లోడు “మీ జతలో వచ్చినాయన ఇంకా కిందనే ఉండాడు” అని సరిగ్గా అన్నాడు. ‘ఉండాడు’ దగ్గర కొంచెం ఎక్కువ సాగదీసినాడు, చెప్పినా. బన్నీ గంతులు తగ్గించినారు, ఆఖర్న జనం నవ్వలేదు. నాటకాన్ని తెలుగు చేసే ఆలోచన ఉందంట, ఎవరు చేస్తారో చూడాల.

మీ దగ్గర నుంచి ఒకటి కావాల. ముళబాగిలు, చింతామణి, హొసకోట, మాలూరు పక్క మీ ఇండ్లల్లో పెద్దవాళ్ళు ఉంటే అడిగి రాయండి, జతగాడు అనే మాట ఏ వరసలో వాడేవాళ్ళు, అన్నదమ్ములకు వాడేవాళ్ళా, మొగుడూ పెండ్లాలకు వాడేవాళ్ళా అని. ఆడవాళ్ళకు ఏమనేవాళ్ళో కూడా అడగండి. పుస్తకాల్లో జతకత్తె అని చూసినా గాని, మా అమ్మ నోటా మా అవ్వ నోటా నేను వినలేదు. ఈ నాటకంలో దీపాలి అని ఒక పాత్ర ఉంది, ఆమె ప్రేమించేది ఇంకో అమ్మాయిని. ఆ వేషం కట్టిన పాప నన్ను అదే అడిగింది, మరి మాకేం మాట ఉంది అంకుల్ అని. కనుక్కొని చెప్తానన్నా.